పదిహేను నిమిషాల పరీక్ష

మోటారు సైకిల్ పందెం అంటే యాక్సిలరేటర్ తిప్పి దూసుకుపోవడమే అనుకుంటాం. కానీ పందేనికి ముందు ఇంకో పరీక్ష ఉంది. దాని పేరు క్వాలిఫయింగ్. పందెంలో ఎవరు ముందు వరసలో నిలబడాలో, ఎవరు వెనక నిలబడాలో అందులో తేలుతుంది. మోటోజీపీ అనే ప్రపంచ పోటీలో ఇది రెండు భాగాలు. ఒక్కొక్కటి 15 నిమిషాలే. ఒక్క చుట్టు అందరికన్నా తక్కువ సమయంలో తిరిగినవాడిదే మొదటి చోటు.

సెట్టింగు అంటే ఏమిటి?

సైకిల్ మీద దిగుడులో పోతూ ముందు బ్రేకు గట్టిగా పట్టామనుకోండి. జడత్వం వల్ల ఒళ్ళు ముందుకు తూలుతుంది. బరువంతా ముందు చక్రం మీద పడి వెనక చక్రం తేలిపోతుంది. పందెం బండికీ ఇంతే. అందుకే మెకానిక్కులు బండిని సర్దుతారు.

1. ముందు స్ప్రింగు మరీ మెత్తగా ఉంటే బ్రేకు వేయగానే పూర్తిగా కుంగిపోతుంది. మరీ గట్టిగా ఉంటే టైరు పట్టు ఎంత ఉందో నడిపేవాడికి తెలియదు.
2. వెనక భాగం ఎత్తు పెంచితే బండి చురుగ్గా తిరుగుతుంది. కానీ బ్రేకు వేసినప్పుడు వెనక చక్రం ఇంకా తేలికవుతుంది.
3. రెండు చక్రాల మధ్య దూరం పెంచితే నిలకడ వస్తుంది. కానీ మలుపులో మొరాయిస్తుంది.

చూశారా? ఒకటి బాగుచేస్తే ఇంకొకటి చెడుతుంది.

మార్క్ మార్కెజ్ కష్టాలు

స్పెయిన్ దేశపు మార్క్ మార్కెజ్ జర్మనీలోని సాక్సెన్‌రింగ్‌లో 2010 నుంచి 2021 వరకు తాను దిగిన 11 పందాలూ గెలిచాడు. అక్కడ 13 మలుపులు. పది ఎడమకు, మూడే కుడికి. ఎడమకు తిరిగినంతసేపూ ఘర్షణ వల్ల టైరు ఎడమ పక్క వేడెక్కుతుంది, కుడి పక్క చల్లారుతుంది. చల్లారిన టైరుకు పట్టు తక్కువ. సరిగ్గా అప్పుడే పల్లంలోకి కుడి మలుపు వస్తుంది!

2023 జూన్‌లో అతని హోండా బండికి వెనక టైరు పట్టు చాలలేదు. మలుపు దాటి వేగం అందుకునేటప్పుడు పోయిన సమయాన్ని ఆలస్యంగా బ్రేకు వేసి రాబట్టుకోవాలి. అంటే భారమంతా ముందు టైరు మీదే. పొరపాటుకు చోటే లేదు. మూడు రోజుల్లో ఐదుసార్లు పడ్డాడు, క్వాలిఫయింగ్‌లో కూడా. ఆదివారం ఉదయం పడినప్పుడు ఎడమ బొటనవేలి ఎముక విరిగింది. ఆ రోజు పందెంలో దిగలేదు.

2020లో కుడి చెయ్యి విరిగినప్పుడు ఆపరేషన్ అయిన వారంలోపే మళ్ళీ బండెక్కాడు. ఆ చేతికి చివరికి నాలుగు ఆపరేషన్లు అయ్యాయి. కాబట్టి 2023లో ఆగిపోవడం పిరికితనం కాదు, తెలివి.

2024లో అతను హోండా వదిలి డుకాటీ బండి ఎక్కాడు. సెప్టెంబరు 1న ఆరగాన్‌లో 1,043 రోజుల తర్వాత గెలిచాడు. 2025లో అదే సాక్సెన్‌రింగ్‌లో మళ్ళీ గెలిచి, ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

మనం నేర్చుకోవలసింది

లోలకం ప్రయోగంలో దారం పొడవు, గుండు బరువు రెండూ ఒకేసారి మారిస్తే కాలం దేనివల్ల మారిందో చెప్పలేం. బండికీ అదే సూత్రం. ఒకసారికి ఒక్క మార్పే చేసి చూడాలి. 15 నిమిషాల్లో అందుకు తీరిక ఉండదు. అదే అసలు చిక్కు.

ఇంకో మాట. ఎవడైనా వెనకబడితే "వీడికి చేతకాదు" అని వెంటనే అనెయ్యకూడదు. వాడి చేతిలో ఉన్న పనిముట్టు ఎలా ఉందో కూడా చూడాలి. 2023లో పడినవాడూ, 2025లో గెలిచినవాడూ ఒక్కడే కదా!

ఆలోచించండి
1. బ్రేకు వేస్తే వెనక చక్రం ఎందుకు తేలికవుతుంది?
2. సాక్సెన్‌రింగ్‌లో టైరు ఏ పక్క చల్లారుతుంది? ఎందుకు?