మూత తీసిన ట్యాంకులో గాలి ఎలా ఉంటుంది?

2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో మ్యాన్‌హోల్ శుభ్రం చేయడానికి దిగిన ఇద్దరు ఆంధ్రప్రదేశ్ కార్మికులు లోపల చిక్కుకుపోయారు. వారిని కాపాడాలని ఒక ఆటో డ్రైవర్ దిగారు. ముగ్గురూ చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల్లో కాపాడబోయినవారు కూడా బలవుతున్నారు. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1986లో చెప్పిన లెక్క ప్రకారం మృతుల్లో 60 శాతానికి పైగా వారే.

మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు 20.9 శాతం. అది 19.5 కంటే తగ్గిన చోటికి దిగకూడదు. సెప్టిక్ ట్యాంకులో కుళ్లే మురుగు ప్రాణవాయువును వాడేసుకుని మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. కొత్తగా కట్టిన సంపు కూడా నమ్మదగింది కాదు. మూసి ఉంచిన సంపులో తడిసిన సెంట్రింగ్ చెక్క కుళ్లుతూ ప్రాణవాయువును తగ్గించేస్తుంది. అక్కడ ఏ వాసనా రాదు.

హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్లిన గుడ్ల వాసన. అయితే గాలిలోని పది లక్షల భాగాల్లో అది సుమారు 100 భాగాలకు చేరితే కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోయిందంటే గాలి బాగుపడిందని కాదు. పైగా అది గాలికంటే బరువు, అడుగున చేరుతుంది. పైన బాగానే ఉన్నా, అడుగు బురదను కదపగానే ఒక్కసారిగా బయటికొస్తుంది.

మన పెద్దలు బావిలోకి దీపం దించి చూసేవారు. ఇక్కడ ఆ పద్ధతి పనికిరాదు. ప్రాణవాయువు 17 శాతానికి పడిపోయినా దీపం వెలుగుతూనే ఉంటుంది, విషవాయువు సంగతి అసలు చెప్పదు. మీథేన్ ఉంటే పేలుతుంది కూడా. ముక్కుకు కట్టే గుడ్డ, మామూలు మాస్కు లేని ప్రాణవాయువును తెచ్చిపెట్టలేవు.

నాలుగు వాయువులను కొలిచే డిటెక్టర్‌ను తాడుతో దించి పైన, మధ్యన, అడుగున చూడాలి. బ్లోయర్‌తో గాలి పంపుతూ, పని అయ్యేదాకా కొలుస్తూనే ఉండాలి. దిగేవారికి నడుము తాడు కాదు, భుజాలు తొడలు పట్టే హార్నెస్ కావాలి. పైన ట్రైపాడ్ ఉండాలి. స్పృహ లేని మనిషిని చేతులతో పైకి లాగడం చాలా కష్టం.

సెప్టిక్ ట్యాంకుకైతే మనిషిని దించే అవసరమే లేదు, సక్షన్ లారీని పిలిస్తే సరిపోతుంది. రక్షణ లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. తొలిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మున్సిపాలిటీకే కాదు, ఇంటి యజమానికీ, హాస్టల్ నడిపే కమిటీకీ ఇది వర్తిస్తుంది.

లోపల ఎవరైనా పడిపోతే 101కు ఫోన్ చేయండి. బ్లోయర్ ఉంటే ఆపకండి. చుట్టూ చేరినవారిలో ముందుగా పట్టి ఆపవలసింది పడిపోయిన మనిషి అన్ననో తమ్ముణ్నో.