చేసిపెట్టకండి, చేయించండి

జంషెడ్‌పూర్‌లోని బిర్సానగర్ జోన్ల నంబర్లతో చిరునామాలు చెప్పుకునే పెద్ద పేట. బిర్సా ముండా పేరు పెట్టుకున్న ఈ పేట టెల్కో పక్కనే ఉంటుంది. 1907లో పుట్టిన ఉక్కు కంపెనీ, 1945లో వచ్చిన టెల్కో ఈ ఊరికి నలుమూలల నుంచీ జనాన్ని రప్పించాయి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ వాటిలో ఉన్నాయి. ఇటువంటి పేటల్లో పిల్లలు ఉద్యోగాలకని బెంగళూరో హైదరాబాదో వెళ్ళిపోయాక, ఇంట్లో మిగిలేది ఇద్దరు పెద్దవాళ్ళు, రెండు ఫోన్లు, ఒక టీవీ.

టీవీలో బొమ్మ రాకపోయినా, ఫోన్ మోగకపోయినా, పింఛను మెసేజ్ అర్థం కాకపోయినా కొడుకు సెలవు మీద వచ్చేదాకా ఆగాలా? అక్కర్లేదు. పక్కింటి పెద్దాయన సరిపోతారు. అయితే ఎలా సాయం చేయాలో, ఎక్కడ ఆగాలో ఇద్దరికీ తెలియాలి.

తోటివాళ్ళే ఎందుకు?

2017లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ ఆరు కోట్ల పల్లె కుటుంబాల్లో ఇంటికొకరికి శిక్షణ ఇవ్వాలనుకుంది. అర్హత వయసు 14 నుంచి 60 ఏళ్ళు. అరవై దాటినవాళ్ళకు, పట్టణాల్లో ఉన్నవాళ్ళకు అందులో చోటు ఉండేది కాదు. కేరళ మాత్రం తన డిజి కేరళ కార్యక్రమంలో పై వయసు హద్దు పెట్టలేదు. అక్కడ నూరేళ్ళు దాటిన పెద్దాయన కూడా ఫోన్ వాడకం నేర్చుకున్నారు. కాబట్టి వయసు అడ్డు కాదు, నేర్పేవాళ్ళు దొరకడమే కష్టం.

నేర్పేవాళ్ళు కుర్రవాళ్ళే కానక్కర్లేదు. 1973లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో పెద్దవాళ్ళ కోసం 'మూడో వయసు విశ్వవిద్యాలయం' మొదలైంది. 1982లో బ్రిటన్ చేరేసరికి దాని తీరు మారింది. అక్కడ ప్రొఫెసర్లు లేరు. తెలిసిన సభ్యులే తెలియనివాళ్ళకు చెబుతారు.

అందులో మేలు ఉంది. మనవడు అర నిమిషంలో పని చేసేసి ఫోన్ తిరిగి ఇచ్చేస్తాడు. మర్నాడు మళ్ళీ అడగాలంటే మొహమాటం. పోయిన నెలే నేర్చుకున్న పక్కింటావిడకైతే తనకు ఎక్కడ తికమక అయిందో ఇంకా గుర్తుంటుంది. ఆ మలుపు దగ్గరే ఆగి చెబుతుంది.

నేర్పడానికి నాలుగు సూత్రాలు

1. ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉండాలి. "ఇలా ఇవ్వండి అన్నయ్యగారూ, నేను చేసేస్తాను" అన్న మాటతో పని అవుతుంది, చదువు ఆగిపోతుంది. మన వేలు తెర మీద పడకూడదు.

2. ఒక పూట ఒకే పని. ఫొటో పంపడం నేర్పే రోజున బిల్లు కట్టడం జోలికి పోవద్దు.

3. నోటుపుస్తకంలో వాళ్ళ చేతనే, వాళ్ళ మాటల్లో రాయించాలి. "కింద ఆకుపచ్చ గుర్తు నొక్కాలి" అని రాసుకున్నా చాలు. జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో హిందీ చదివినవాళ్ళు ఉంటారు. ఫోన్ భాష కూడా వాళ్ళు చదవగలిగినదే పెట్టించాలి. టైపు చేయలేనివాళ్ళకు మైకు గుర్తు చూపిస్తే తెలుగులోనే మాట్లాడి మెసేజ్ పంపవచ్చు.

4. మర్నాడు పరీక్ష. "నిన్నటిది ఈసారి మీరు నాకు చూపించండి వదినగారూ" అనాలి. చూపించగలిగితే వచ్చినట్టే.

తరచూ వచ్చే చిక్కులు

టీవీలో 'నో సిగ్నల్' అని వస్తే సెట్‌టాప్ బాక్సు దీపం వెలుగుతోందో లేదో చూడాలి. వెలుగుతుంటే టీవీ రిమోట్‌లో 'సోర్స్' లేదా 'ఇన్‌పుట్' మీట నొక్కి, వైరు పెట్టిన హెచ్‌డీఎంఐ నంబరు ఎంచుకోవాలి. పొరపాటున ఆ మీట నొక్కుకుపోవడమే చాలాసార్లు కారణం.

ఫోన్ మోగకపోతే పక్కనున్న ధ్వని మీట, 'డు నాట్ డిస్టర్బ్' గుర్తు చూడాలి. నిండిపోయిందని ఫోన్ మొరాయిస్తే వాట్సాప్ సెట్టింగుల్లో 'స్టోరేజ్ అండ్ డేటా'లోకి వెళ్ళి పెద్ద వీడియోలు తీసేయాలి. ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగడం అక్కడే ఆపేస్తే పొద్దుటి శుభోదయాల బరువు తగ్గుతుంది.

ఇక పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్. 2014 నవంబరులో వచ్చిన జీవన్ ప్రమాణ్‌కు 2021లో ముఖం చూపించి గుర్తింపు పొందే పద్ధతి తోడైంది. వేలిముద్రలు అరిగినవాళ్ళకు ఇది వరం. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో, 80 ఏళ్ళు నిండినవాళ్ళు అక్టోబరు 1 నుంచి ఇవ్వవచ్చు. కంపెనీల్లో చేసి ఈపీఎస్-95 పింఛను తీసుకునేవాళ్ళు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, అది పన్నెండు నెలలు చెల్లుతుంది. ఒకరి ఫోన్‌తో పలువురు పని చేసుకోవచ్చు కనుక, నలుగురు కలిసి కూర్చోవడానికి ఇంతకంటే మంచి పని లేదు. ఆధార్, పీపీఓ నంబరు, ఖాతా నంబరు దగ్గర ఉంచుకుని, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుని, తెర చెప్పినప్పుడు కన్ను ఆర్పాలి. వచ్చిన ఓటీపీని పింఛనుదారే కొట్టాలి.

దాటకూడని గీత

ఇది మన బ్యాంకు కుటుంబాలు మరీ జాగ్రత్తగా చదవాల్సిన భాగం. "మీరు బ్యాంకువాళ్ళు కదండీ, పిన్ కూడా మీరే కొట్టేయండి" అని ఇరుగుపొరుగు మన చేతిలో ఫోన్ పెడతారు. నమ్మకంతోనే పెడతారు. అయినా తీసుకోకూడదు. పిన్ కొట్టే వేళకు ముఖం పక్కకు తిప్పుకోవాలి. రేపు ఆ ఖాతాలో వంద రూపాయలు తేడా వచ్చినా అనుమానం మొదట వచ్చేది పిన్ తెలిసినవాళ్ళ మీదే. ముప్పై ఏళ్ళ ఇరుగుపొరుగు ఆ వంద దగ్గర తెగిపోతుంది.

నష్టపరిహారం మాటా ఇందులో ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా మూడో మనిషి వల్ల మోసం జరిగితే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికి నష్టం ఉండదు. పిన్ వంటివి ఇంకొకరికి చెప్పినందువల్ల డబ్బు పోతే మాత్రం, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినది ఖాతాదారే భరించాలి.

కలిసి కూర్చున్నప్పుడు ఈ మూడు మాటలూ అందరిచేతా చెప్పించండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. కరెంటు బిల్లు, చలాను పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు తెరవకూడదు. ఎవరు ఫోన్ చేసి అడిగినా తెర చూపించే యాప్ పెట్టుకోకూడదు. అయినా మోసం జరిగితే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకు చెప్పాలి. డబ్బు చేతులు మారకముందే ఆపడానికి మొదటి గంటలే కీలకం. ఆ సమయంలో పక్కింటివాళ్ళు చేయగల పెద్ద సాయం "ఎలా మోసపోయారండీ?" అని అడగకపోవడం.

మనకు ఇది కొత్త కాదు

1984లో రంగరాజన్ కమిటీ నివేదికతో బ్యాంకుల కంప్యూటరీకరణకు దారి పడింది. లెడ్జర్లలో చక్కటి దస్తూరీతో రాసిన చేతులు ఆ తర్వాత కీబోర్డు మీదికి, కోర్ బ్యాంకింగ్‌లోకి వచ్చాయి. నడివయసులో అది నేర్చుకున్నవాళ్ళకు శిక్షణ తరగతి ఎంత పనికొచ్చిందో, పక్క సీటులోని సహోద్యోగి ఓర్పు అంతకంటే ఎక్కువ పనికొచ్చింది. ఆ ఓర్పు విలువ తెలిసిన విశ్రాంత ఉద్యోగులు మన ఇళ్ళలో ఉన్నారు. బిర్సానగర్‌లోనైనా, మీ వీధిలోనైనా వారానికి ఒక సాయంత్రం, ఒక అరుగు, నాలుగు కుర్చీలు చాలు. ఇంటి నుంచి తెచ్చుకోవాల్సినవి కళ్ళజోడు, ఛార్జింగ్ ఉన్న ఫోన్, ఒక నోటుపుస్తకం.