కేస్లాపూర్‌కు చుట్టాలమై



మా ఊరు జగిత్యాల దగ్గర ఉంది. రాత్రిపూట నేను మా వాడ అక్కలకు చదువు చెప్తాను. 2025 జనవరి చివర మేం ఏడుగురం కలిసి కేస్లాపూర్ జాతరకు పోయి వచ్చినం. ఆ ముచ్చట మీకు చెప్తాను. చదవండి.

"అంత దూరం ఎట్ల పోతం? పైసలు ఎక్కడివి?" అని మొదట అందరూ అన్నరు. 2023 డిసెంబరు నుంచి మన ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ పైసలు లేవు కదా! ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తరు. ఇంకొక భయం కూడా ఉండె. ఒక బస్సు అనుకొని ఇంకొకటి ఎక్కితే ఎట్ల? జగిత్యాల బస్టాండులో మా పెద్దవ్వ బస్సు ముందట నిలబడ్డది. పెద్దవ్వకు అరవై దాటినై. బోర్డు మీద అక్షరాలు ఒక్కొక్కటి కూడబలుక్కొని చదివింది. ల... క్షె... ట్టి... పే... ట. "ఇదే బిడ్డా, ఎక్కుండ్రి" అన్నది. మేం ఎవ్వరినీ అడగలేదు. ఎక్కి కూర్చున్నం.

ధర్మపురి దాటినంక రాయపట్నం వంతెన వచ్చింది. కింద గోదావరి. అందరం దండం పెట్టినం. లక్షెట్టిపేటలో బస్సు మారినం. జన్నారం దాటితే ఇక అడవే. అది కవ్వాల్ పులుల అడవి. మాకు పులి కనిపించలేదు, కోతులే కనిపించినై. ఉట్నూరులో దిగి జాతర బస్సు ఎక్కినం.

కేస్లాపూర్ ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలో ఉంది. అక్కడ నాగోబా గుడి ఉంది. నాగోబా అంటే నాగదేవుడు. గోండుల్లో మెస్రం వంశం వాళ్ళకు కులదైవం. ప్రతి ఏడాది పుష్య అమావాస్య రాత్రి మహాపూజ చేస్తరు. పూజకు నీళ్ళు ఎక్కడినుంచి తెస్తరో తెలుసా? జన్నారం మండలంలో గోదావరి ఒడ్డున హస్తినమడుగు ఉంది. మెస్రం వాళ్ళు అక్కడికి చెప్పులు లేకుండా నడిచి పోతరు. రోజుల తరబడి నడక. ఆ నీళ్ళతోనే దేవునికి అభిషేకం. మనం ధర్మపురిలో స్నానం చేసే గోదావరే అది. ఈ మాట విన్నంక పెద్దవ్వ "అయితే మనమూ వీళ్ళూ ఒక్క నీళ్ళోళ్ళమే" అన్నది.

ఈ జాతరలో ఆడవాళ్ళ పని చాలా ఉంటది. సిరికొండ కుమ్మరులు చేసిన కుండలతో ఆడబిడ్డలు, కోడళ్ళు నీళ్ళు తెస్తరు. ఆ నీళ్ళతో మట్టి కలిపి పుట్ట తయారు చేస్తరు. మెస్రం ఇంటికి కొత్తగా వచ్చిన కోడలిని ఇక్కడ దేవుని ముందుకు తీసుకొస్తరు. దాన్ని భేటింగ్ అంటరు. తెల్లచీర కట్టుకొని, ముసుగు వేసుకొని, పెద్దలందరికీ మొక్కుతది. అప్పటినుంచి ఆమె ఆ వంశంలో మనిషి. వంట కూడా ఎవరిష్టం వచ్చినట్టు చేయరు. వంశం మొత్తానికి 22 పొయ్యిలు. వంతులవారీగా వాటి మీదనే వండుకోవాలి. బయటివాళ్ళం అక్కడికి పోకూడదు. మేమూ పోలేదు.

కొత్త గుడి రాతితో కట్టింది. మెస్రం వాళ్ళు తమలో తాము చందాలు వేసుకొని కట్టుకున్నరు. 2022 డిసెంబరులో ప్రారంభమైంది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఎడ్లబండ్ల దగ్గర ఒక గోండు అవ్వ జొన్న రొట్టె కొడుతున్నది. చేతుల నిండా పచ్చబొట్లు. ఎంత బాగుందో అనుకొని ఫోను తీసి ఫోటో కొట్టిన. అవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నది. పక్కన ఉన్న ఆమె తెలుగులో అన్నది, "మీ ఇంట్ల నువ్వు రొట్టె చేస్తుంటే నేనొచ్చి ఫోటో కొడితే నీకు మంచిగుంటదా, చెల్లె?" నాకు తల కొట్టేసినట్టయింది. పదిమందికి చదువు చెప్పేదాన్ని, ఒక్క మాట అడగాలన్న తెలివి లేకపాయె. ఆ ఫోటో తీసేసిన.

పెద్దవ్వ మాత్రం ఊరుకోలేదు. పోయి "రాం రాం" అని అవ్వ పక్కన కూర్చున్నది. తన చేతి పచ్చబొట్టు చూపించింది. సంక్రాంతికి చేసిన సకినాలు బట్ట సంచిలో తెచ్చుకున్నం. ఒక దొంతి తీసి అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ ఒకటి కొరికి, లోపల ఉన్న నువ్వులు, వాము చూసి తలూపింది. కొంచెంసేపటికి మాకు రొట్టె, కారం పెట్టింది. పైసలు ఇస్తే తీసుకోలేదు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు. అయినా గంటసేపు మాట్లాడుకున్నరు!

గోండులకు ఊరికి ఊరు చుట్టమై పోవడం పాత అలవాటే. దీపావళి రోజుల్లో దండారి జట్లు ఒక ఊరినుంచి ఇంకొక ఊరికి పోతయి. వాళ్ళల్లో గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకుంటరు. పోయిన ఊరివాళ్ళే అన్నం పెడతరు. ఆ ఊరివాళ్ళు వీళ్ళ ఊరికి వస్తే వీళ్ళు పెడతరు. మార్లవాయి కనక రాజు ఈ గుస్సాడీ ఆటను ఎంతోమందికి నేర్పిండు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో చనిపోయిండు.

రాత్రి ఉట్నూరులో మా చుట్టాలింట్ల పడుకున్నం. పొద్దున ఇప్పపువ్వు లడ్డూలు కొన్నం. ఆదివాసీ ఆడవాళ్ళు సంఘం పెట్టుకొని చేస్తున్నరు. ఇప్పపువ్వు అంటే సారాకే అని మేం అనుకున్నం. కాదు. ఎండకాలం మొదట్లో తెల్లారకముందే అడవికి పోయి, రాలిన పువ్వు ఏరుతరు. ఎండబెడితే ఏడాదంతా ఉంటది. శుభ్రం చేసి, వేయించి, పల్లీలు, నువ్వులు, బెల్లం కలిపి లడ్డూ కడతరు. ఈ లడ్డూలు ఆశ్రమ పాఠశాలల పిల్లలకు కూడా పోయినయి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో లెక్క రాసినం. ఒక్కొక్కరికి ఖర్చు 220 రూపాయలు. లడ్డూలకు 120. సంఘం దుకాణంలో జొన్న రొట్టె, పప్పుకు 80. ఈ 200 ఆ ఊళ్ళ ఆడవాళ్ళ చేతికే పోయినయి. మిగిలిన 20 నీళ్ళ సీసాకు. ఇంటినుంచి చెంబుతో నీళ్ళు తెచ్చుకుంటే అదీ మిగులు. ఆ సీసాలు అడవిలో పారేయలేదు, సంచిలో వేసుకొని వచ్చినం. పప్పు, రొట్టె మాత్రం మోదుగాకు విస్తరిలో పెట్టిన్రు. దాన్ని ఎడ్లు తిన్నయి.

బండి దగ్గరి అవ్వకు పెద్దవ్వ ఒక మాట చెప్పి వచ్చింది. "బతుకమ్మకు మా ఊరు రా" అని. పక్కామె గోండిలో చెప్పింది. అవ్వ నవ్వింది. ఊరి పేరు రాసియ్యమన్నది. పెద్దవ్వ తన చేతితోనే రాసిచ్చింది.

ఈ మాటలు చదవండి: గోదావరి, కేస్లాపూర్, జొన్న రొట్టె, ఇప్పపువ్వు, సకినాలు, మోదుగాకు, చుట్టం.

మీరు రాయండి: ఆ అవ్వ బతుకమ్మకు మీ ఇంటికి వస్తే ఏం వండి పెడతారు? అందులో మీ ఊళ్ళో పండేవి ఎన్ని?