దీర్ఘకాలిక నొప్పి – ఈ-సిగరెట్టు

అత్తిముగం నుండి నడుమునొప్పితోనే హోసూరు కర్మాగారాలకు షిఫ్టు పనికి వెళ్ళేవారికి ‘పొగ కాదు, ఆవిరే కదా’ అన్న మాట ఊరటనిస్తుంది. వారిని నిందించడం తగదు. నికోటిన్ కాసేపు నొప్పిని మందగింపజేసే మాట నిజమే. అయితే దాని ప్రభావం తగ్గగానే పుట్టే చిరాకును మరొక దమ్ము అణచివేస్తుంది. ఆ అణచివేతే మనశ్శాంతిగా తోస్తుంది. పైగా నికోటిన్ రక్తనాళాలను సంకోచింపజేస్తుంది. వెన్నుపూసల నడుమనున్న డిస్కులకు అది మేలు చేయదు.

2019 నాటి కేంద్ర చట్టం ఈ-సిగరెట్ల తయారీని, విక్రయాన్ని, నిల్వను నిషేధించింది. కనుక చాటుగా అమ్మే గొట్టంలో ఏమున్నదో పూచీపడేవారుండరు.

2021 ఆగస్టు 5న మన జిల్లాలోని సామనపల్లిలో ఆరంభమైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకంలో, కదలలేని రోగులకు ఇంటివద్దనే ఫిజియోథెరపీ అందుతుంది. తక్కినవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నొప్పితోపాటు ఈ అలవాటును కూడా వైద్యునికి తెలుపవలెను. మానదలచినవారికి ఉచిత సలహా సంఖ్య: 1800-11-2356.