ముఖ గ్రహణంలో సమగ్రత – మనశ్శాస్త్రజ్ఞుల కొలతలు

దూరం నుండి వచ్చే మిత్రుని ముఖం చూడగానే ఇతడు ఫలానా అని పోల్చుకొంటాము. కాని అతని ముక్కు ఎట్లుంటుందో వర్ణించమంటే తడబడతాము. కన్నులు, ముక్కు, నోరు అనే అవయవాలను విడివిడిగా కాక, పరస్పర సంబంధంతో కూడిన ఒకే రూపంగా మనస్సు గ్రహించడమే దీనికి కారణమని మనశ్శాస్త్రజ్ఞులు భావిస్తారు. దీనిని సమగ్ర గ్రహణం అనవచ్చు. కంటికి కనబడని ఈ మనోవ్యాపారాన్ని కొలవడం ఎట్లు? ఇందుకు మూడు పరీక్షలు ప్రసిద్ధమైనవి.

మొదటిది తలక్రిందుల పరీక్ష. 1969లో రాబర్ట్ యిన్ ముఖాలు, ఇండ్లు, విమానాలు మొదలైన వాటి చిత్రాలను నిటారుగాను, తలక్రిందులుగాను చూపి జ్ఞాపకాన్ని పరీక్షించాడు. తలక్రిందులైనప్పుడు ముఖాల గుర్తింపు మిగిలినవాటి కంటె చాలా ఎక్కువగా దెబ్బతిన్నది. అవయవాలు అవే, వాటిని కూర్చి చూచే శక్తియే సన్నగిల్లిందని దీని తాత్పర్యం.

రెండవది సంయుక్త ముఖ పరీక్ష. 1987లో ఆండ్రూ యంగ్, ఆయన సహచరులు ఒక ప్రసిద్ధ వ్యక్తి ముఖంలోని పై సగాన్ని మరొకరి క్రింది సగంతో జోడించి, పై సగం ఎవరిదో చెప్పమన్నారు. సగాలు సరిగా అతికినప్పుడు కొత్త ముఖమొకటి ఏర్పడి జవాబు ఆలస్యమైంది. వాటిని ప్రక్కకు జరిపినప్పుడు త్వరగా వచ్చింది. ఆ కాలభేదమే కొలత.

మూడవది భాగ–పూర్ణ పరీక్ష. 1993లో జేమ్స్ టనాకా, మార్తా ఫరా కొన్ని ముఖాలను పేర్లతో నేర్పి, "ఇతని ముక్కు ఏది?" అని ప్రశ్నించారు. ముక్కును విడిగా చూపినప్పటి కంటె ముఖంలో అమర్చి చూపినప్పుడు సరైన జవాబులు ఎక్కువ వచ్చాయి. ఇండ్ల భాగాల విషయంలో ఈ లాభం కనబడలేదు. విడిగా నూటికి 65, ముఖంలో 75 సరైన జవాబులు వచ్చాయనుకొంటే, సమగ్ర గ్రహణపు కొలత 10 అన్నమాట.

విద్యార్థులు గమనించవలసిన విషయం ఇక్కడే ఉంది. మూడు పరీక్షలూ ఒకే శక్తిని చక్కగా కొలుస్తున్నట్లయితే, ఒకదానిలో పెద్ద తేడా చూపినవారు తక్కిన రెండింటిలోను చూపాలి. కాని ఒకే వ్యక్తులపై మూడింటినీ జరిపి చూచినప్పుడు ఆ పొందిక స్వల్పంగానే కనబడింది. ఒకే పేరు క్రింద వేర్వేరు శక్తులు దాగి ఉండవచ్చు; కొలతలే నిలకడ లేనివి కావచ్చు.

చూపు బాగానే ఉండి, పరిచితుల ముఖాలను సైతం పోల్చుకోలేనివారు లోకంలో ఉన్నారు. అట్టివారి లోపాన్ని ఒక్క పరీక్షతో నిర్ణయించడం శాస్త్రానికే తగదు. ఎదురుపడిన సహాధ్యాయి సలామో నమస్కారమో చెప్పకుండా వెళ్లిపోతే, అది గర్వమేనని వెంటనే తీర్పు చెప్పడం మనకు మాత్రం తగునా?