క్రెడిట్ కార్డు ఇవ్వలేమన్నారు... మళ్లీ ఎప్పుడు అడగాలి?

ఇన్ని నెలలు ఆగాలని రూలేమైనా ఉందా?

రిజర్వు బ్యాంకు అలాంటి గడువేదీ పెట్టలేదు. మూడు నెలలు, ఆరు నెలలు అని వినిపించేవి కొన్ని బ్యాంకుల సొంత లెక్కలు. మీ బ్యాంకుకు అలాంటి లెక్క ఉందేమో కస్టమర్ కేర్‌ను అడగండి. అయితే నెలలు గడిచినంత మాత్రాన కార్డు రాదు. ఏ కారణంతో కాదన్నారో అది తొలగాలి. అది తేలకుండా మళ్లీ దరఖాస్తు పెట్టడం దండగ.

కారణం చెప్పమని అడగొచ్చా?

తప్పకుండా అడగండి. దరఖాస్తును తిరస్కరిస్తే ఫలానా కారణమని రాతపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. ‘మా అంతర్గత నిబంధనల మేరకు’ అంటూ ఒక్క ముక్క మెసేజ్ పంపితే సరిపెట్టుకోకండి. అసలు కారణం రాయమని ఈమెయిల్ పెట్టండి. కార్డు ఇచ్చితీరాలని పట్టుబట్టే హక్కు మనకు లేదు, కారణం తెలుసుకునే హక్కు మాత్రం ఉంది.

కారణం తెలిసింది. ఇప్పుడెంత కాలం ఆగాలి?

పాన్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు లాంటి చిక్కయితే సరిచేయించుకున్న వెంటనే అడగొచ్చు. మీ పిన్‌కోడు ప్రాంతంలో ఆ బ్యాంకు కార్డులు ఇవ్వడం లేదంటే ఎన్నాళ్లు ఆగినా ఫలితం ఉండదు, మరో బ్యాంకు చూసుకోండి. ఉన్న కార్డును లిమిట్ నిండా వాడేస్తున్నారన్నది కారణమైతే ముందు ఆ బాకీ తగ్గించండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి క్రెడిట్ సమాచార సంస్థలకు వివరాలు పంపుతున్నాయి కాబట్టి ఆ మార్పు కొద్ది వారాల్లోనే మీ క్రెడిట్ రిపోర్టుకెక్కుతుంది.

వాయిదాలు తప్పిన చరిత్ర ఉంటే మాత్రం ఓపిక పట్టాల్సిందే. ఏడాదిపాటు ఒక్క వాయిదా కూడా తప్పకుండా కట్టి అప్పుడు అడగమనే నా సలహా. ఎంతో కొంత కట్టి ‘సెటిల్’ చేసుకున్న అప్పు తీరిపోయిందని చాలామంది నమ్ముతారు. రిపోర్టులో అది ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని కనిపిస్తుంది, బ్యాంకులు దాన్ని మంచి గుర్తుగా చూడవు. వీలైతే మిగిలిన మొత్తం కట్టేసి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, రికార్డు మార్పించుకోండి.

నేను ఏ అప్పూ ఎగ్గొట్టలేదు. అయినా క్రెడిట్ స్కోరు తగ్గింది. ఎందుకు?

బావమరిది లోనుకో, స్నేహితుడి బండి ఫైనాన్సుకో హామీ సంతకం పెట్టారేమో గుర్తు చేసుకోండి. వాళ్లు కట్టకపోతే ఆ మచ్చ మీ రిపోర్టు మీద కూడా పడుతుంది. మొహమాటానికి పెట్టిన సంతకం ఏళ్ల తర్వాత ఇలా ఎదురొచ్చినప్పుడు కలిగే బాధ చిన్నది కాదు.

అదీ కాదంటే రిపోర్టులోనే తప్పు ఉండొచ్చు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. తప్పు కనిపిస్తే ఆ సంస్థకో బ్యాంకుకో ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. ఈ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ పలక్కపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ ఉండదు. తప్పు సరయ్యాక రిపోర్టు మరోసారి చూసుకుని అప్పుడే దరఖాస్తు పెట్టండి.

ఈలోగా మరో నాలుగు బ్యాంకుల్లో ప్రయత్నిస్తే?

వద్దు. ప్రతి దరఖాస్తుకూ ఆ బ్యాంకు మీ రిపోర్టు తెప్పించుకుంటుంది, ఆ ఎంక్వైరీ అందులో నమోదవుతుంది. వరసగా అవి కనిపిస్తే ఈయనకు డబ్బు అత్యవసరమైందని తర్వాతి బ్యాంకు అనుమానిస్తుంది.

ఇంతవరకూ అప్పే చేయలేదు, స్కోరే లేదంటున్నారు.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు, ఇల్లు చూసుకునే ఆడవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకోండి. డిపాజిట్ హామీగా ఉంటుంది కాబట్టి జీతం స్లిప్పు లేకపోయినా చాలా బ్యాంకులు ఇస్తాయి. నెలనెలా కొద్దిగా వాడి, గడువులోగా బిల్లు మొత్తం కట్టండి. కనీస మొత్తం కట్టి ఊరుకుంటే మిగతాదానిపై వడ్డీ పడుతుంది.