బుక్ క్రికెట్‌లో లక్ష్మణ్ 451 బంతులు నిలబడగలడా?

బుక్ క్రికెట్ ఆడనివాళ్లు మన కాలేజీలో ఉంటారని నేననుకోను. గ్రౌండ్ అక్కర్లేదు, వాన అడ్డం రాదు. బోనాలప్పుడు ఉప్పుగూడలో మా గల్లీ జనంతో నిండిపోయి బయట బ్యాట్ పట్టే వీలు లేకపోయినా, ఇంట్లో మంచం మీద మ్యాచ్ నడుస్తూనే ఉంటుంది. ఇక లెక్చర్ హాల్ చివరి బెంచీ సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ స్కోర్‌కార్డు చూస్తే అది క్రికెట్‌లా ఉండదు. ఎందుకు ఉండదు, ఉండాలంటే ఏం చెయ్యాలి? ప్రాబబిలిటీ చాప్టర్ మీకు గుర్తుంటే చాలు, లెక్క మనమే వేసుకోవచ్చు.

పాత ఆటలో లెక్క

రూల్ అందరికీ తెలిసిందే. పుస్తకం తెరవాలి, ఎడమవైపు పేజీ నంబర్‌లో చివరి అంకె చూడాలి. ఎడమ పేజీ ఎప్పుడూ సరి సంఖ్యే కాబట్టి 0, 2, 4, 6, 8 మాత్రమే వస్తాయి. 0 వస్తే ఔట్. 2, 4, 6 వస్తే అన్ని పరుగులు. 8 దగ్గర ఒక్కో బెంచీకి ఒక్కో రూల్. మనం ఒక పరుగు అనుకుందాం.

ఐదు అంకెలకూ సమాన అవకాశం ఉందనుకుంటే, సగటున ప్రతి 5 బంతులకు ఒక వికెట్ పోతుంది. ఆ 5 బంతుల్లో 2+4+6+1, అంటే 13 పరుగులు. పది వికెట్లకు 50 బంతులు, 130 పరుగులు. ఓవర్‌కు 15.6 రన్ రేట్! డాట్ బాల్ అన్నదే లేదు. సింగిల్‌కు, సిక్సర్‌కు ఒకే విలువ.

ఇప్పుడు మన హైదరాబాదీ వీవీఎస్ లక్ష్మణ్‌ను ఈ ఆటలోకి దింపుదాం. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద 452 బంతులాడి 281 కొట్టాడు. అంటే 451 బంతులు ఔట్ కాకుండా నిలబడ్డాడు. బుక్ క్రికెట్‌లో ఒక్క బంతి నిలబడే అవకాశం 0.8. దాన్ని 451 సార్లు గుణిస్తే దశాంశ బిందువు తర్వాత 43 సున్నాలు, ఆ తర్వాత ఒక 2. మనమూ మన మనవలూ జీవితాంతం పేజీలు తిప్పినా ఆ ఇన్నింగ్స్ రాదు.

బౌలర్ ఎక్కడ?

అసలు లోపం అంకెల్లో లేదు. ఈ ఆటలో బౌలర్ లేడు. పేజీ ఎవరు తెరిచినా ఫలితం ఒకటే.

ఇదే చిక్కు అమెరికావాళ్ల ఎలక్ట్రిక్ ఫుట్‌బాల్‌లోనూ ఉంది. 1940ల చివర్లో న్యూయార్క్‌లోని ట్యూడర్ కంపెనీలో నార్మన్ సాస్ తయారుచేసిన బల్లమీది ఆట అది. రేకు బోర్డు కింద మోటారు అదురుతుంటే పైన బొమ్మలు జరుగుతుంటాయి. పరుగెత్తే ఆటకు అది బాగానే పనిచేస్తుంది. పాస్ దగ్గరే తంటా. మోటారు ఆపి, స్ప్రింగ్ చెయ్యి ఉన్న బొమ్మతో చిన్న బంతిని ఎగరెయ్యాలి. అది మనవాడి బొమ్మకు తగిలితే పట్టుకున్నట్టు లెక్క. అంటే పాస్‌ను తేల్చేది ఆడేవాడి వేలి నేర్పు. నిజమైన ఆటలో దాన్ని తేల్చేవాళ్లు ముగ్గురు: విసిరేవాడు, పట్టేవాడు, పక్కన కాపలా కాసేవాడు. ఆ మూడోవాడు లెక్కలోకి రానంతవరకు పాస్ నిజంగా అనిపించదు.

క్రికెట్ బంతీ అంతే. ఒకడు వేస్తాడు, ఒకడు ఆడతాడు. ఇద్దరి నిర్ణయం కలిసి ఫలితం అవుతుంది. కాబట్టి బుక్ క్రికెట్‌లోకి రెండోవాడిని తేవాలి.

50 గళ్లు

ముందు చిన్న మార్పు. చివరి ఒక్క అంకె కాదు, చివరి రెండంకెలు చూద్దాం. 00, 02, 04 నుంచి 98 దాకా మొత్తం 50 గళ్లు. ఒక్కో గడి 2 శాతం. పుస్తకం లావుగా ఉండాలి. గ్రేవాల్ మ్యాథ్స్ పుస్తకం ఇందుకే పుట్టిందనిపిస్తుంది. పుస్తకంలో 450 పేజీలే ఉంటే 400 దాటిన పేజీలు లెక్కలోకి తీసుకోవద్దు. లేదంటే 02 నుంచి 50 వరకు గళ్లు ఎక్కువసార్లు వస్తాయి.

ఇక అసలు రూల్. ప్రతి ఓవర్ ముందు ఇద్దరూ ఒకేసారి వేళ్లు చూపించాలి. బ్యాటర్ ఒక వేలు చూపిస్తే కొట్టుడు, రెండు చూపిస్తే కాపాడుకోవడం. బౌలర్ ఒక వేలు చూపిస్తే దగ్గర ఫీల్డ్, రెండు చూపిస్తే దూరం ఫీల్డ్. 50 గళ్లను ఇలా పంచాను:

కొట్టుడు, దగ్గర ఫీల్డ్: ఔట్ 5, సిక్స్ 4, ఫోర్ 9, రెండు పరుగులు 2, సింగిల్ 10, డాట్ 20.

కొట్టుడు, దూరం ఫీల్డ్: ఔట్ 4, సిక్స్ 3, ఫోర్ 3, రెండు పరుగులు 6, సింగిల్ 22, డాట్ 12.

కాపాడుకోవడం, దగ్గర ఫీల్డ్: ఔట్ 2, ఫోర్ 5, రెండు పరుగులు 2, సింగిల్ 10, డాట్ 31.

కాపాడుకోవడం, దూరం ఫీల్డ్: ఔట్ 1, ఫోర్ 1, రెండు పరుగులు 4, సింగిల్ 20, డాట్ 24.

గళ్లు ఇదే వరుసలో నింపుకోవాలి. ఉదాహరణకు మొదటి దాంట్లో 00 నుంచి 08 దాకా ఔట్, 10 నుంచి 16 సిక్స్, 18 నుంచి 34 ఫోర్, 36, 38 రెండు పరుగులు, 40 నుంచి 58 సింగిల్, మిగతావి డాట్. నాలుగు చీటీలు రాసుకుని పక్కన పెట్టుకుంటే రెండు ఓవర్లలో అలవాటైపోతుంది.

ఒకే పట్టిక, రెండు ఆటలు

లెక్క వేస్తే ఓవర్‌కు వచ్చే పరుగులు వరుసగా 8.9, 7.7, 4.1, 3.8. ఒక వికెట్‌కు వచ్చే పరుగులు 14.8, 16, 17, 32.

ఈ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 20 ఓవర్ల మ్యాచ్‌లో బంతులకు కొరత. కాపాడుకుంటూ కూర్చుంటే 120 బంతులకు 80 అటూ ఇటూ పరుగులే వస్తాయి. కాబట్టి బ్యాటర్ కొట్టక తప్పదు, బౌలర్ ఫీల్డ్‌ను దూరం పంపక తప్పదు. టెస్టులో వికెట్లకు కొరత. అక్కడ కాపాడుకోవడమే లాభం, బౌలర్ దగ్గర ఫీల్డ్ పెట్టకపోతే వికెట్‌కు 32 ఇచ్చుకోవాలి. టీవీలో టీ20లోనూ టెస్టులోనూ మనం చూసేది ఇదే కదా! రూల్ మార్చలేదు, పట్టిక మార్చలేదు. ఏది పోతుందోనని భయపడాలో అది మారింది, దాంతో ఆటే మారిపోయింది.

లక్ష్మణ్‌ను మళ్లీ పిలుద్దాం. దూరం ఫీల్డ్ మీద కాపాడుకుంటూ 451 బంతులు నిలబడే అవకాశం సుమారు 9,000కు ఒకటి. అలా నిలబడితే సగటున 294 పరుగులు వస్తాయి, 281కి దగ్గరే. దగ్గర ఫీల్డ్ మీదైతే అవకాశం దాదాపు 10 కోట్లకు ఒకటి. అరుదైన ఇన్నింగ్స్ అరుదుగానే ఉంది, కానీ అసాధ్యం కాదు.

బౌలర్ వైపు నుంచీ చూద్దాం. 2023 ఆసియా కప్ ఫైనల్‌లో మన సిరాజ్ శ్రీలంక మీద ఒకే ఓవర్‌లో 4 వికెట్లు తీశాడు. పాత బుక్ క్రికెట్‌లో ప్రతి 59 ఓవర్లకు ఒక సిరాజ్ పుట్టుకొస్తాడు. మన పట్టికలో దగ్గర ఫీల్డ్ పెట్టి, అవతలివాడు కొట్టుడికి దిగితే, దాదాపు 790 ఓవర్లకు ఒకసారి. అలాంటి ఓవర్ వచ్చినప్పుడు బెంచీ అంతా అరవాలంటే అది అంత అరుదుగానే రావాలి.

పట్టికలో ఒక లోటుంది. పదకొండు మందీ ఒకేలా ఆడతారు. కావాలంటే చివరి ముగ్గురికి ఔట్ గళ్లు రెట్టింపు చేసి, ఆ మేరకు డాట్ గళ్లు తగ్గించండి.

పుస్తకం చేసే మోసం

ఈ లెక్కంతా పేజీలు సమానంగా తెరుచుకుంటేనే. బాగా చదివిన పుస్తకం వీపు విరిగిన చోటే తెరుచుకుంటుంది. మొదటి, చివరి పేజీలు దాదాపు రావు. పాత లైబ్రరీ పుస్తకం తెచ్చుకునేవాడు ఊరికే తెచ్చుకోడు!

పరీక్షించడం తేలిక. 100 సార్లు తెరిచి చివరి అంకెలు రాసుకోండి. ఒక్కోటి 20 సార్లు రావాలి, స్టాండర్డ్ డీవియేషన్ 4. ఏ అంకైనా 12 కన్నా తక్కువ, 28 కన్నా ఎక్కువ వచ్చిందంటే ఆ పుస్తకాన్ని అనుమానించండి. మందు కూడా ఉంది. పుస్తకం మూసి పట్టుకోవాలి, అవతలివాడు కళ్లు మూసుకుని పక్కనుంచి ఎమ్మెమ్‌టీఎస్ పాస్ దూర్చాలి. పాస్ ఎక్కడ దూరితే అక్కడే తెరవాలి.

ఆటను నిజం చెయ్యాలంటే ఇంకా అంకెలు, ఇంకా రూల్స్ కలపాలని మనకు వెంటనే తోస్తుంది. నా లెక్క ప్రకారం కలపాల్సింది ఒక్కటే: ఎదుటివాడు ఏం చూపిస్తాడో తెలియకుండా మనం వేలు ఎత్తాల్సిన ఆ క్షణం. సెమిస్టర్ పరీక్షలు అయ్యాక చివరి బెంచీలో టెస్ట్ మ్యాచ్ పెడుతున్నాను. గ్రేవాల్ నాది, పాస్ మీది.